నీలమ్మ గిన్నెలో పచ్చరంగు

నీలమ్మ తల్లి గిన్నెలో నీరు సన్యాసి వేలికి ఎన్నడూ ఎందుకు పచ్చబడలేదు?

ఈ సందేహం నాకు మీసం మొలవకముందు పుట్టింది. మీసం నెరిసింది గాని సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది.

మా కుంభగిరి రాజ్యంలో సాక్ష్యం దొరకని నేరం ఏదైనా నీలమ్మ గుడికే వెళ్తుంది. సత్యదినాన తెల్లవారుతూనే గుడితోటలోని శంఖుపూలు కోసి, తొడిమలు తీసి, వేడినీళ్లలో నానవేస్తారు. నీరు నెమలి మెడ రంగుకు తిరుగుతుంది. దాన్ని వెండి గిన్నెలో పోసి అమ్మ పాదాల ముందు పెడతారు. నింద పడ్డ మనిషి ముందుగా అమ్మ తాంబూలం అందుకోవాలి. కుడిచేతి ఉంగరపు వేలితో తమలపాకులకు సున్నం రాసుకుని, వక్క పెట్టి, చుట్టి నమలాలి. తాంబూలం వద్దంటే అమ్మను వద్దన్నట్టే. తర్వాత చెయ్యి కడగకుండా, తుడవకుండా అదే వేలు గిన్నెలో ముంచాలి. నీరు నీలంగా ఉంటే నిర్దోషి. పచ్చబడితే పాపి. పాపికి అగడ్తలో మొసళ్లే గతి.

పచ్చబడ్డ గిన్నెను జనం చుట్టూ తిప్పి చూపిస్తారు. ఆ తిప్పడం పూర్తయ్యేలోగా నీరు తిరిగి నీలమైతే అమ్మ క్షమించినట్టని పూర్వుల చట్టం. అలా జరగగా చూసినవాళ్లు మాత్రం లేరు.

నేను చూసినంతలో ఆ నీరు రైతుకు పచ్చబడింది, వర్తకుడికి పచ్చబడింది, నిండు ముత్తయిదువకు పచ్చబడింది. సన్యాసికి గాని, భర్త పోయిన ఇల్లాలికి గాని, పసిపిల్లలకు గాని ఎన్నడూ పచ్చబడలేదు. చిన్నప్పుడు మా నాన్నను అడిగితే చెవి మెలిపెట్టాడు. ముసలి పూజారిని అడిగితే, "వాళ్లకు సంసారం లేదు నాయనా, పాపం ఎక్కడనుంచి వస్తుంది?" అన్నాడు. నాకు సంసారం ఉంది. గానుగ తిప్పి నూనె తీసి, మొదటి గిద్దెడు అమ్మ దీపానికి పోసిగాని అమ్మకానికి పెట్టను. మరి పాపమంతా మా గడపల్లోనే ఉందా తల్లీ అని దీపం వెలిగించినప్పుడల్లా అడిగేవాణ్ని. అమ్మ నవ్వుతూనే ఉండేది. రాతి విగ్రహం కదా, ఆ నవ్వు అవుననా కాదనా తెలిసేది కాదు.

ఆ సందేహం ఇలా నా ఇంటి మీదికే వస్తుందని నేననుకోలేదు.

నా భార్య నాంచారమ్మకు ఒక పిచ్చి ఉంది. వీధిలో పిల్లలందర్నీ మా అరుగు మీద పోగేసి రంగుల నీళ్ల ఆట ఆడిస్తుంది. మందారపూల రేకుల్ని తెల్లగుడ్డ పేలికల మీద రుద్ది నీడన ఆరబెడుతుంది. శంఖుపూలు నానవేసి చిన్నచిన్న మూకుళ్లలో పోస్తుంది. పిల్లలు తలా ఒకటి తెస్తారు. ఒకడు చింతపండు రసం, ఒకతె బూడిద తేట, ఇంకొకడు అమ్మ చూడకుండా ఎత్తుకొచ్చిన పుల్లమజ్జిగ. ఏది పోస్తే ఏ రంగు వస్తుందో ముందుగా చెప్పాలి. చెప్పినవాడికి బెల్లంముక్క. చెప్పలేనివాడికీ బెల్లంముక్కే, కాస్త చిన్నది.

"అత్తా, ఉప్పు వేస్తే ఏ రంగూ రాలేదు!" అంటాడొకడు ఏడుపుముఖంతో.

"రాలేదన్నది కూడా తెలిసిందిగా, వెర్రినాగన్నా. నోరు తెరువు," అని వాడి నోట్లో బెల్లం పెడుతుంది.

గడిచిన అమావాస్య ముందురోజు ఆ ఆట సాగుతుండగానే రాజగురువు కాలజంఘుడి పల్లకి మా వీధిన వచ్చింది.

కాలజంఘుడంటే ఉత్తరపు గుహల నుంచి వచ్చిన మాంత్రికుడు. గాలిలోంచి పొగ తీస్తాడు, పొగలోంచి పాములు తీస్తాడు. గుడిగోపురం లోపల ఏనుగంత గబ్బిలాన్ని తలకిందులుగా వేలాడదీసి పెంచుతున్నాడు. మా రాజు అమరకీర్తిగారు ముసలివారు, మంచివారు, ఆయన మాటకు ఎదురు చెప్పలేనివారు. ఆ గురువు వచ్చిన ఏడే సత్యదినాన ఊళ్లో పులుపు వండరాదని, పుల్లనిదేదీ గుడివారధి దాటరాదని శాసనం పుట్టింది. అమ్మకు పులుపు సరిపడదన్నాడు. అంతకు ముందు ఎలా సరిపడిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పల్లకి మా అరుగు దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల నీలపు మూకుట్లో సున్నపుతేట పోసింది. నీరు పచ్చబడింది. పక్కవాడు దాంట్లో నిమ్మకాయ పిండాడు. పచ్చ పోయి నీలమైంది. ఇంకొంచెం పిండాడు. నేరేడుపండు రంగు తిరిగింది. పిల్లలు కేకలు వేశారు.

పల్లకి ఆగింది. తెర తొలగింది. కాలజంఘుడి కళ్లు ఆ మూకుటి మీదే నిలిచాయి. ఆ కళ్లలో నేను చూసింది కోపం కాదు, భయం.

"ఈ క్షుద్రవిద్య నేర్పిందెవరు?" అన్నాడు.

నాంచారమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది. "విద్య కాదు స్వామీ, ఆట. నేనే ఆడిస్తున్నాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ? పారాణికి ప్రతి ఇంటా కలుపుకుంటాం. ఇదీ అలాంటిదే, పువ్వు వేరు."

"అమ్మవారి పువ్వుతో ఆటా? దీన్ని బంధించండి! ఎల్లుండి సత్యదినం. మంత్రగత్తో కాదో తల్లే చెబుతుంది!"

నేను పల్లకికి అడ్డంపడి కాళ్లు పట్టుకున్నాను. బోయీలు నన్ను దాటుకుని పోయారు. నా భార్యను భటులు నడిపించుకుపోతుంటే పిల్లలు వెంటపడి కొంత దూరం పరుగెత్తారు. ఆమె వెనక్కి తిరిగి, "మూకుళ్లు కడిగి బోర్లించండర్రా," అంది.

ఆ భటుల్లో సింగన్న కూడా ఉన్నాడు. సత్యదినాన గిన్నె తిప్పే కొలువు అతనిది. ఒకప్పుడు మా ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. అతని కూతురు చామంతి మా అరుగు మీద అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. కొన్నేళ్ల కిందట ఆ పిల్లకు విషజ్వరం వచ్చింది. నోరు చేదుగా ఉంది, పుల్లగా ఏదైనా కావాలందట. ఒక మిట్టమధ్యాహ్నం సింగన్న పరుగున వచ్చి నాంచారమ్మను ఒక నిమ్మకాయ అడిగి తీసుకెళ్లాడు. "రేపు తెచ్చిస్తాను అమ్మా," అన్నాడు. పిల్ల దక్కలేదు. ఆ తర్వాత అతను మా గడప తొక్కలేదు, వీధిలో ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు. ఆనాడు నా భార్య పక్కన నడుస్తూ కూడా అతను తల ఎత్తలేదు.

మా పెరటి కొట్టంలో అప్పటికి ఒక గాజుల మలారంవాడు దిగి ఉన్నాడు. పోలయ్య అని పేరు చెప్పాడు. గాజులు తొడిగే చేతికి ఆ కత్తిసాము కాయలెందుకో అని నాకు అనుమానం ఉండేది గాని, అతిథిని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ సాయంత్రం అతనే గడియ వేసి నా ముందు తలపాగా విప్పాడు. సిగలో రత్నాల సూది మెరిసింది.

"బాబాయీ, నేను రత్నకూటపు యువరాజును. ఉదయకేతును. మా అన్నగారు మీ రాజుతో సంధి మాట్లాడటానికి వచ్చారు. దొంగతనం నింద వేసి సత్యదినానికి తెచ్చారు. ఆయన వేలికి నీరు పచ్చబడింది." తలపాగా గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "మా అన్న దొంగ కాడు. ఆ నీటి గుట్టు తెలుసుకోవాలనే ఈ గాజులు మోస్తున్నాను. పిన్ని ఆట చూశాక సున్నంతో పచ్చబడుతుందని తెలిసింది. కాని గుడిలో సున్నం కలిపేదెవరు? పూలు కోసేది, నీళ్లు కాచేది అందరూ చూస్తుండగానే. నేను రెండు సత్యదినాలు కళ్లార్పకుండా చూశాను. ఎవరూ ఏమీ కలపలేదు."

నాకేమీ తోచలేదు. తోచనప్పుడు నా చేతులు తాంబూలం పళ్లెం దగ్గరికి పోతాయి. ఆకు తీశాను, ఈనె తీశాను, సున్నం రాశాను. నోట్లో పెట్టుకున్నాను గాని నమలబుద్ధి కాలేదు. కిటికీలో ఆ పొద్దుటి శంఖుపూల నీళ్ల మూకుడు ఒకటి మిగిలి ఉంది. దాన్ని తీసి భద్రం చేద్దామని పట్టుకోబోతే వేలు నీళ్లలో మునిగింది.

నీరు పచ్చబడింది.

"అయ్యో తల్లీ, నేనేం పాపం చేశాను! నూనెలో కల్తీ కూడా కలపలేదే!" అని అక్కడే కూలబడ్డాను.

ఉదయకేతు ఒక్క ఉదుటున వచ్చి నా చెయ్యి పట్టుకుని వేలు చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వుతుండగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపం కాదు బాబాయీ, సున్నం! ఆకుకు రాసుకున్న సున్నం!"

అప్పుడు నా తలలో ఏళ్ల తరబడి మూసుకుని ఉన్న తలుపు తెరుచుకుంది. సన్యాసి తాంబూలం వెయ్యడు. భర్త పోయిన ఇల్లాలికి తాంబూలం ఇవ్వరు. పిల్లలకు ఇవ్వరు. వాళ్లందరికీ తీర్థమే పోస్తారు. మిగిలిన మాకందరికీ, పాపులకూ పుణ్యాత్ములకూ ఒకేలా, అమ్మ పేరు చెప్పి సున్నం ముట్టిస్తారు. పారాణి కలిపే ప్రతి చేతికీ తెలిసిన సంగతే ఇది. గుడిలోపల అది ఎవరికీ గుర్తు రాలేదు. అలా చేద్దామని పూర్వులు అనుకుని ఉండరు. గౌరవంగా తాంబూలం ఇచ్చి పంపుదామనుకుని ఉంటారు, అంతే. ఆ అలవాటే ఎంతమందిని మింగిందో.

"మరి ఖజానా దోచాడని గుడికి తెచ్చిన కోశాధికారికి పచ్చబడలేదే? వాడు తిన్నది ఊరంతా ఎరుగును," అన్నాను.

"తాంబూలం ఎవరు చుట్టారు?"

గుర్తు చేసుకున్నాను. గురువుగారు స్వయంగా తన చేతులతో చుట్టి నోటికి అందించాడు. ఎంత దయ అని మేమంతా మెచ్చుకున్నాం కూడా.

"అలవాటులోని పొరపాటును వాడు కనిపెట్టాడు, ఆయుధం చేసుకున్నాడు," అన్నాడు యువరాజు. "అందుకే పులుపు మీద నిషేధం. పచ్చబడ్డది మళ్లీ నీలమవుతుందని వాడికి తెలుసు. పిన్ని వేలికి ఒక్క నిమ్మచెక్క రుద్దితే చాలు, బతుకుతుంది. నేను తెస్తాను."

"వారధి దగ్గర పులుపు వాసన పసిగట్టే ముంగిస ఉంది బాబూ!"

"వారధి మీదుగా ఎవరు వస్తానన్నారు?"

సత్యదినం తెల్లవారింది. ఊళ్లో ఒక్క పొయ్యి మీద పులుసు పొంగలేదు.

నీలమ్మ గుడి అగడ్త మధ్యన నల్లరాతి గుట్ట మీద ఉంటుంది. చుట్టూ పాచిపట్టిన ఆకుపచ్చ నీరు, నీటిలో తేలే దుంగల్లా మొసళ్లు. గుట్ట చుట్టూ ఏడు వరసల సింహాలు చెక్కిన గోడ. గోడ పైన శంఖుతీగలు అల్లుకుని, ఉదయకాంతిలో వేల నీలికళ్లు విప్పినట్టుంటుంది. ఆ పైన గోపురం, గోపురం కొనన బంగారు కలశాల వరుస, వాటి కింద చీకటి గూడు. ఆ గూట్లోనే గబ్బిలం. ఎప్పుడు చూసినా చేతులు జోడించబుద్ధి వేసే ఆ గుడి, ఆనాడు నోరు తెరిచి కాచుకున్న జంతువులా తోచింది నాకు. తప్పు నాయనా అని నన్ను నేనే మందలించుకున్నాను. అయినా అలాగే తోచింది.

వారధి మొదట్లో కాలజంఘుడి ముంగిస బంగారు గొలుసుతో కూర్చుని ఉంది. పులుపు వాసన సోకితే అది తుమ్ముతుంది. నా ముందున్న ఒక అవ్వ దగ్గర తుమ్మింది.

"ఏం దాచావే ముసల్దానా?" అని భటుడు గద్దించాడు.

"ఏం దాచాన్రా నా బొంద! రాత్రి మజ్జిగ తాగాను. నా కడుపు కోసి చూస్తావా?"

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వారధి నడుమ నుంచి పడమటి వైపు చూశాను. అగడ్త అవతలి గట్టున రెల్లుగడ్డిలోంచి ఒక మనిషి లేచాడు. నడుముకు తాడు, మొలలో బాకు, నోట కత్తి, సిగలో పచ్చని నిమ్మకాయ.

ఉదయకేతు పరుగెత్తుకొచ్చి మొదటి మొసలి వీపు మీద కాలు మోపాడు. అది తల తిప్పేలోగా రెండో దాని మీదికి దూకాడు. మూడోది నోరు తెరిచి లేచింది. తెరిచిన దవడల మధ్య అడ్డంగా బాకు నిలబెట్టి, దాని ముక్కు మీద అడుగేసి, తాడు విసిరాడు. తాడు సింహం మెడకు పడింది. గోడను కరుచుకుని సర్రున పైకి పాకాడు.

అప్పుడు గాలి మళ్లింది.

ముంగిస తుమ్మింది. మళ్లీ తుమ్మింది. గొలుసు తెంచుకునేంతగా పడమటి వైపు గుంజి తుమ్మింది.

"గోడ మీద మనిషి!" అని కేక. బాణాలు రివ్వుమన్నాయి. ఒకటి తాడును కోసింది. యువరాజు జారి, నాలుగో వరస సింహం నాలుక పట్టుకుని వేలాడాడు. ఆ కుదుపుకు సిగ ఊడింది. నిమ్మకాయ గిర్రున తిరుగుతూ కిందికి పోయింది. కింద ఒక ముసలి మొసలి తల పైకెత్తి దాన్ని గుటుక్కున మింగింది. ఒక్క క్షణం ఆగి, కళ్లు చిట్లించి, తోకతో నీళ్లను టపటపా కొట్టింది.

మళ్లీ చూసేసరికి గోడ మీద యువరాజు లేడు. సింహాల మధ్య ఏ తూములో దూరాడో, నీళ్లలోనే పడ్డాడో తెలియలేదు. వెనకనుంచి జనం తోస్తే నేను గుడిలోపల పడ్డాను.

మంటపంలో రాజుగారు పీఠం మీద ఉన్నారు. చూపు ఆనదు కనుక రంగు చెప్పేది గురువే. నా నాంచారమ్మ తడిబట్టలతో అమ్మ ముందు నిలబడి ఉంది. రెండు రోజుల్లోనే చిక్కిపోయింది. నన్ను వెతుక్కుని చూసింది. నా ఖాళీ చేతులు చూసి, ఏదో అర్థమైనట్టు మెల్లగా తల ఊపింది.

తాంబూలం పళ్లెం వచ్చింది. కాలజంఘుడు సున్నపుకాయ మూత తీసి స్వయంగా ఆమె ముందుకు జరిపాడు. "బాగా రాసుకో అమ్మా. అమ్మ ప్రసాదం, లోభించకూడదు."

ఇక నేను ఆగలేకపోయాను. గుంపును తోసుకుని ముందుకు పడ్డాను. "మహారాజా! ఆకుకు రాసే సున్నమే ఆ నీటిని పచ్చబరుస్తుంది! నా వేలికీ పచ్చబడింది! గురువుగారిని ఆకు చుట్టి వేలు పెట్టమనండి!"

మంటపం అంతా హాహాకారం. రాజుగారు ముందుకు వంగారు. "ఎవరది? ఏమంటున్నాడు?"

"భార్య మీద మమకారంతో తల్లిని దూషిస్తున్నాడు మహారాజా," అన్నాడు కాలజంఘుడు చల్లగా. "అమ్మ నీటిని అమ్మ పిలిచినవాళ్లే తాకాలి. పూర్వుల చట్టం. తీర్పు మార్చాలంటే అమ్మే మార్చాలి." ఇద్దరు భటులు నా రెక్కలు విరిచిపట్టారు.

"ఊరుకోండి," అంది నాంచారమ్మ నాతో. "మీరు అడిగారు. అది చాలు." ఆకుకు సున్నం రాసింది. నమిలింది. అమ్మకు దణ్ణం పెట్టింది. వేలు ముంచింది.

వేలి చుట్టూ ముందు ఒక సన్నని పచ్చని తీగ కదిలింది. అది మెలికలు తిరుగుతూ వెడల్పయింది. గిన్నెంతా లేత అరటాకు రంగు తిరిగింది.

"పచ్చ!" అన్నాడు కాలజంఘుడు.

"పచ్చ!" అన్నారు జనం. మొన్నటిదాకా తమ పిల్లల్ని మా అరుగు మీద వదిలి సంతకు పోయిన ఆడవాళ్లు కూడా ఆ మాట అన్నారు. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు.

సింగన్న ముందుకు వచ్చాడు. గిన్నెను రెండు చేతులా ఎత్తాడు. ఆచారం ప్రకారం కుడివైపునుంచి తిప్పడం మొదలుపెట్టాడు. అరుగుల వరుస దాటాడు, ధ్వజస్తంభం దాటాడు. అతను ఎప్పుడూ చకచకా నడిచేవాడు. ఆనాడు కాళ్లకు రాళ్లు కట్టుకున్నట్టు నడిచాడు.

"త్వరగా కానీ!" అని గురువు అరిచాడు.

చుట్టు తిరిగి చివరికి నాంచారమ్మ ముందు ఆగాడు. తప్పు చేసిన మనిషికి తన పాపం తనకు చూపించి చుట్టు ముగించాలి. అన్నేళ్ల తర్వాత ఆనాడు మొదటిసారి సింగన్న తల ఎత్తి ఆమె ముఖం చూశాడు.

"అమ్మా," అన్నాడు. అంత సద్దులోనూ ఆ మాట నాకు వినబడింది. "ఆ రోజు నేను ఇంటికి పోయేలోగానే సామంతి కన్నుమూసింది. కాయ నా సేతిలోనే ఉండిపోనాది. నీకెలా తెచ్చియ్యను? తెస్తే నువ్వడుగుతావు, బిడ్డ తాగిందా అని. నేనేం సెప్పను?"

ఒక చేత్తో గిన్నె పట్టుకునే, రెండో చెయ్యి నడుముపట్టీలో పెట్టాడు. చిన్న ఉండ ఒకటి తీశాడు. తేనెమైనం పూసి ఉంది. అందుకే ముంగిసకు అందలేదు. పళ్లతో మైనం కొరికి పక్కకు ఉమ్మేశాడు. లోపల ఎండి నల్లబడి, గచ్చకాయలా గట్టిపడ్డ నిమ్మకాయ.

"సామంతే సెప్పింది నాకు. సున్నం తగిలి పచ్చబడితే నిమ్మ పిండాల నాన్నా, మల్లీ నీలమైపోద్ది అని. రోజూ సెప్పేది."

"సింగా! ఏమిట్రా అది?" కాలజంఘుడు మెట్ల మీదినుంచి దూకాడు.

సింగన్న పిడికిలి బిగించాడు. ఎండుకాయ పటపటలాడి పొడిగా నలిగింది. ఆ పొడినీ, తొక్కనీ, గింజల్నీ ఒక్కటిగా గిన్నెలో వేశాడు.

ముందు ఏమీ కాలేదు. తర్వాత తొక్కముక్క చుట్టూ పచ్చదనం విడిపోయింది. అడుగునుంచి నీలం పైకి వచ్చింది. నీలం పరచుకుంది. గిన్నెంతా నెమలి మెడ రంగు మళ్లీ నిండింది. నిండి ఆగలేదు. అంచుల్లో సంధ్యవేళ మబ్బులా ఊదారంగు తేలింది.

ఎవరో ఒక పసిగొంతు గుంపులోంచి అరిచింది. "నీలం! అత్తది మళ్లీ నీలమైపోయింది!"

"నీలం!" అన్నారు పిల్లలు. "నీలం!" అన్నారు తల్లులు. రాజుగారు పీఠం దిగి తడుముకుంటూ వచ్చి గిన్నెను కళ్లకు ఆనించుకుని చూశారు. తర్వాత తల తిప్పారు. "గురువర్యా, మీ చేతులు ఇలా ఇవ్వండి. ఆకు చుడతారు."

కాలజంఘుడు నవ్వాడు. ఆ నవ్వులోంచి పొగ వచ్చింది. పొగ మంటపాన్ని కమ్మింది. పొగలో పాములు బుసకొట్టాయి. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ కలకలంలో వాడు రాజుగారి వేలినుంచి రాజముద్రిక లాగేసుకున్నాడు. కుంభగిరి సేనలన్నీ ఆ ముద్రకే తలవంచుతాయి. వాడు ఈల వేశాడు. గోపురం లోపల ఏదో చీలినట్టు శబ్దమైంది. ఏనుగంత గబ్బిలం తోలురెక్కలు విప్పి, పట్టపగటి వెలుగు కళ్లలో పొడుస్తుంటే కీచుమని అరుస్తూ కిందికి దిగింది. కాలజంఘుడు దాని మెడ మీద ఎక్కాడు.

అది లేచేలోగా గర్భగుడి పక్క తూములోంచి ఒక బురద మనిషి బయటికి దూకాడు. జుట్టు విరబోసుకుని ఉంది. చెవి పైన రక్తం.

"ఉదయకేతూ!" అన్నాను.

"నిమ్మకాయ మొసలి తినేసింది బాబాయీ!" అని అరిచాడు, అదే మాకు పెద్ద వార్త అయినట్టు. అంతలోనే గిన్నెలో రంగు చూశాడు, నాంచారమ్మను చూశాడు, ముఖం విప్పారింది. మరుక్షణం ఎగిరి గబ్బిలం కాలు పట్టుకున్నాడు.

గబ్బిలం పిచ్చెక్కినట్టు గోపురానికి ఒకసారి, కలశానికి ఒకసారి కొట్టుకుంటూ లేచింది. బంగారు కలశం ఒకటి దొర్లి అగడ్తలో పడింది. ఉత్తరపు కొండల వైపు అది వంకరటింకరగా పోతుంటే, దాని కింద వేలాడుతూ యువరాజు ఒక చేత్తో కత్తి దూయడం కనిపించింది. పైనుంచి కాలజంఘుడి దండం దిగడం కనిపించింది. తర్వాత మబ్బు అడ్డం వచ్చింది.

రాజుగారు గుర్రాలు, గుర్రాలు అని అరుస్తున్నారు. ముద్రిక లేని రాజు మాట వినాలో వద్దో తెలియక సేనాపతి నిలబడి ఉన్నాడు. నా రెక్కలు పట్టుకున్న భటులు ఎప్పుడు వదిలేశారో నాకు తెలియదు. నేను అమ్మ ముఖం వైపు చూశాను. అదే నవ్వు. ఇన్నేళ్లూ అమ్మ ఒక్క అబద్ధమూ ఆడలేదు. వేలికి ఉన్నదేదో అదే చూపించింది. దానికి పాపమని పేరు పెట్టింది మేము. అది తలచుకుంటే నాకు ఊరట కలగలేదు. యువరాజు అన్నగారు గుర్తొచ్చారు. నేను చూస్తుండగా ఆ వారధి మీదినుంచి జారిపోయిన ముఖాలన్నీ గుర్తొచ్చాయి. నేనూ అప్పుడల్లా "పచ్చ" అన్నవాణ్నే.

సింగన్న ఇంకా గిన్నె పట్టుకునే నిలబడి ఉన్నాడు. కొలువు పోయినట్టే, ప్రాణం మాట తెలియదు. అయినా గిన్నె దించమని ఎవరూ చెప్పలేదు కనుక దించలేదు.

నాంచారమ్మ అతని దగ్గరికి వెళ్లింది. గిన్నెలో చెయ్యి పెట్టి, నానిన తొక్కముక్కను తీసి, తడి పిండి, కొంగుకొసన ముడివేసుకుంది.

"నా నిమ్మకాయ నాకు ముట్టింది సింగన్నా," అంది. "ఇక ఇంటికి రా."